చిన్న డబ్బా, ఎర్ర గీత

మా బావ దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చాడు. శ్రీకాకుళంలో విజయనగరం బస్సు దిగి, ఏడు రోడ్ల కూడలి దాకా ఆటోలో వచ్చి, మా డీటీపీ షాపు మెట్లెక్కి, సంచిలోంచి ముందు అరడజను అరటిపళ్ళు తీశాడు. తర్వాత ఒక తువ్వాలు తీశాడు. ఆ తర్వాత దీన్ని తీసి నా బల్ల మీద పెట్టాడు. నల్లగా, నలుచదరంగా, అరచేతికన్నా కాస్త పెద్దదిగా ఉంది. మా వంటింట్లో పోపుల డబ్బా ఇంతకన్నా పెద్దది.

"ఇదేమిటి బావా?" అన్నాను.

"కంప్యూటరు."

"కంప్యూటరు సరే. మిగతాది ఏదీ?"

"మిగతాది నేదే మరదలా. ఇదే మొత్తం. టీవీ ఎనకాల తగిలించీసినా తెలవదు."

కనపడకుండా దాచుకోగలగడమే గొప్పగా చెప్పుకునే వస్తువుని నేను అదే మొదటిసారి చూడడం.

బావ అంటే మా అక్క మొగుడు. విజయనగరంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకుంటాడు. మనిషి మంచివాడే. కానీ విండోస్‌కి బదులు ఈ డబ్బాని నడిపే లినక్స్ మాట ఎత్తితే భజన మొదలవుతుంది. ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి లోకానికి ఊరికే ఇచ్చేశారట. లైసెన్సు గొడవ లేదట. వైరస్ రాదట. వైరస్ ఎందుకొస్తుంది, ఇంట్లో ఏమీ లేదని తెలిస్తే దొంగయినా రాడు కదా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "పిట్ట కొంచెం, కూత ఘనం. నువ్వే సూస్తావు" అంటూ తీగలు తగిలించడం మొదలుపెట్టాడు.

పాత కంప్యూటరు చచ్చిపోబట్టి ఈ ఖర్మ. పధ్నాలుగేళ్ళు నాతో సమానంగా చాకిరీ చేసింది. ఒక పొద్దున్న స్విచ్చి వేస్తే టప్పుమని, కమురు వాసన కొట్టి ఆగిపోయింది. విప్పిస్తే లోపల ఒక బల్లి కాలి అతుక్కుపోయి ఉంది. మెకానిక్ బోర్డు పోయిందని పెదవి విరిచి, డిస్కులో ఉన్నదంతా ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. అప్పుడు బావ, చవకలో ఒకటి చూస్తానన్నాడు. ఆ చవక అన్న మాట దగ్గరే నేను జాగ్రత్తపడాల్సింది. "సవక సీర సంగతి మొదటి ఉతుకులో తెలుస్తాది" అనేది మా అమ్మ.

నా పని గురించి చెప్పకపోతే నా కోపం అర్థం కాదు. ఇరవై ఆరేళ్ళుగా శ్రీకాకుళంలో ఇదే పని. అర్జీలు, అఫిడవిట్లు, పెళ్ళికార్డులు, దినకార్డులు, చర్చి కూటాల కరపత్రాలు. తెలుగు టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఏ అక్షరం ఎక్కడుందో నాకు తెలియదు, నా వేళ్ళకి తెలుసు. మా ఇన్‌స్టిట్యూటు మాష్టారు "టైపిస్టు చదవకూడదు, కొట్టాలి" అనేవారు. చదివితే వేగం తగ్గుతుందట. నేను ఆ మాట అక్షరాలా పాటించాను.

అంతకన్నా పెద్ద విద్య ఇంకొకటి ఉంది నా దగ్గర. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు బల్ల ముందు నిలబడి, "సూడమ్మా, మా సేనుకి నీళ్ళు రాడం నేదు, బేగి సెయ్యండని రాయి" అంటారు. వాళ్ళు ఆ మాట ముగించేసరికే తెర మీద "మా చేనుకు సాగునీరు అందడం లేదు. త్వరగా చర్యలు తీసుకోగలరని ప్రార్థన" అని పడిపోయి ఉంటుంది. చెవిలో పడేది ఒకటి, వేళ్ళు కొట్టేది ఇంకొకటి. మధ్యలో నేను ఉండను. వాళ్ళు కాగితం అందుకుని, అందులో తమ మాట ఒక్కటీ లేకపోయినా, ఎంత బాగా రాసిందో అని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

ఈ విద్య ఊరికే రాలేదు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో గోదావరి వైపు అమ్మాయిలు నా చేత పనిగట్టుకుని "ఏటి" అనిపించుకుని నవ్వేవారు. "మళ్ళీ అను, మళ్ళీ అను" అనేవారు. ఒక్క ఏడాదిలో "ఏటి"ని నోట్లోంచి పీకేసుకున్నాను. ఇంట్లో తప్ప బయట ఎక్కడా మళ్ళీ అనలేదు.

అలాంటి నా వేళ్ళని తీసుకొచ్చి ఈ డబ్బా ముందు పెట్టారు. దీంట్లో తెలుగు మీటలు వేరే వరసలో ఉన్నాయి. దేశంలో అన్ని భాషలకీ అదే వరసట. ఎడమచేతి కింద అచ్చులన్నీ, కుడిచేతి కింద హల్లులన్నీ, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ చెరో పక్క కూర్చున్నట్టు. నా పాత వరస దీనికి ఎక్కదట. బావ రెండు గంటలు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టి కొట్టి, చివరికి చెమట తుడుచుకుని, "కొత్తది నేర్చీసుకో. వారంలో వచ్చెస్తాది" అన్నాడు. యాభై దాటిన మనిషికి, నడక మర్చిపోయి మళ్ళీ దోగాడు, వారంలో వచ్చేస్తుంది అని చెప్పినట్టుంది. నిమిషానికి నలభై మాటలు కొట్టే నేను చూపుడువేలితో "క" ఎక్కడుందో వెతుక్కున్నాను. అర్జీ రాయించుకోవడానికొచ్చిన ఒక ముసలామె నా తంటాలు చూసి, "కొత్తగా నేర్సుకుంటన్నావేటమ్మా?" అని జాలిపడింది. ఆ రోజు డబ్బాని తీసుకెళ్ళి నాగావళిలో పారేద్దామనిపించింది.

నా ప్రింటరుని అది పరాయిదానిలా చూసేది. ఒక కాగితం అడిగితే ముందు ఒక ఖాళీ కాగితం కక్కి, ఆ తర్వాత అసలుది ఇచ్చేది. నాలుగు పెళ్ళి ఫొటోలు తెరిస్తే తెర మధ్యలో ఒక చక్రం తిరుగుతూ కూర్చునేది. కాస్త మెమరీ పెంచమంటే, లోపల అన్నీ బోర్డుకే అతికించేశారు, పెంచడం కుదరదన్నాడు బావ. పాడైతే బాగుచేయడానికీ ఏమీ లేదు, పారేయడమే. పాతదానిలో బల్లి దూరేంత చోటైనా ఉండేది. ఇందులో చీమకి కూడా గతిలేదు. తయారుచేసినవాడి లోభం అంతా ఆ నాలుగు అంగుళాల్లో ఇరికించి పెట్టాడు.

ఫోను చేసి ఇవన్నీ ఏకరువు పెడితే మా బావ, "ఆడలేక మద్దెల ఓడన్నాదట ఎనకటికి నీలాంటిదే" అన్నాడు. మరదలిని కాబట్టి అనగలిగాడు. మా అక్క చేత ఆయనకి రెండు తగిలించాను.

నిజం కూడా ఒకటుంది, చెప్పకపోతే పాపం. మొన్న గాలివానకి మూడు రోజులు కరెంటు లేదు. మా వరసలో అన్ని షాపులూ మూసుకున్నారు. నా ముసలి ఇన్వర్టరు మీద పాతదైతే అరగంట నడిచేది. ఇది పొద్దుటినుంచి సాయంత్రం దాకా చప్పుడు లేకుండా పనిచేసింది. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయినవాళ్ళు, అరటితోటలు పడిపోయినవాళ్ళు వరసకట్టి వచ్చి అర్జీలు రాయించుకున్నారు. ఒక్క వేలితోనే రాశాను, కానీ రాశాను. ఊళ్ళోవాళ్ళంతా తెచ్చే రోగిష్టి పెన్‌డ్రైవులు కూడా దీన్ని ఏమీ చేయలేకపోయాయి. బల్ల మీద టీ గ్లాసు పెట్టుకునే చోటు మిగిలింది. ఇంతకుమించి దానికి ఒక్క మంచి మాట నా నోట రాదు.

అసలు తగువు మా నాన్న దగ్గర వచ్చింది.

మా నాన్న కళింగపట్నంలో బడిపంతులుగా చాలా ఏళ్ళు చేశాడు. బళ్ళో సగం మంది తెప్పలవాళ్ళ పిల్లలు. పలక మీద "సేప" అని రాస్తే ఎర్ర సుద్దతో కింద గీత కొట్టి "చేప" అని దిద్దాలి. ఇన్‌స్పెక్టరు వస్తే చూసేది అదే. నాన్న పగలంతా గీతలు కొట్టేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, తాను కొట్టేసిన మాటలన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో రాసుకునేవాడు. మాట, దాని అర్థం, దాన్ని ఎవరు ఎలా వాడారో ఒక వాక్యం. చేపల పేర్లు, గాలుల పేర్లు, వలల్లో రకాలు, తిట్లు, ముద్దుమాటలు. నోటుబుక్కు అట్ట మీద చీటీ అంటించి "తప్పులు" అని రాసుకున్నాడు. మా ఇంట్లో దాన్ని తప్పుల నోటుబుక్కు అనే అంటాం.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. రోజూ నాతో షాపుకి వచ్చి, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ మాటలు వింటాడు. ఎవరైనా ఒక పాత మాట అంటే మొహం వెలిగిపోతుంది. రెండేళ్ళుగా చూపు తగ్గుతోంది. నీటికాసులు అన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అని డాక్టరు ఆయన ముందే అనేశాడు. ఇంటికి చేరాక నాన్న, "అమ్మీ, ఆ నోటుబుక్కు ఒకసారి అచ్చులో సూసుకోవాల. బేగి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ పని పన్నెండేళ్ళ కిందటే చేసేశాను. అప్పుడు నాన్న నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని చదివేవాడు, నేను కొట్టేదాన్ని. మధ్యలో గిరాకీలతో మాట్లాడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని కూడా ఆగకుండా కొట్టాను. నెలలో అయిపోయింది. ప్రింటు తీసి, నా కొట్టుడుకి ప్రూఫు చూడక్కర్లేదని, ఒక్కసారి కూడా చదవకుండా నాన్న చేతిలో పెట్టాను. వారం రోజులు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత నన్ను పిలిచి, నా తల మీద చెయ్యి వేసి, "నీ సేత తప్పు రాదు గదే అమ్మీ" అన్నాడు. ప్రింటుని ట్రంకుపెట్టెలో పెట్టేశాడు. పుస్తకం వేయిద్దామా అని ఎన్నిసార్లు అడిగినా, "సూద్దాంలే" అనేవాడు. మాష్టర్లంతా ఇంతే, బళ్ళో పిల్లల్ని తొందరపెట్టడమే గానీ తమ పని తెమలదు అని విసుక్కుని ఊరుకున్నాను. కానీ ఆయన అన్న మాట మాత్రం అందరికీ చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు దిద్దిన మాష్టారు నా పనిలో తప్పు లేదన్నాడంటే అంతకన్నా ఏం కావాలి?

కాబట్టి ఫైలు తెరిచి ప్రింటు తీయడమే మిగిలిన పని. పెన్‌డ్రైవు పెట్టాను. ఫైలు తెరిచాను. తెర నిండా డాలరు గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన రెండేసి చుక్కలు పెట్టుకున్న ఏవో ఆకారాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. పాత రోజుల్లో మేం వాడిన తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల మీద తొడిగిన ముసుగులట. ఆ ముసుగు ఈ డబ్బాకి తొడగడం కుదరదట, ఫోనులో బావ చెప్పాడు. మార్చే పనిముట్లు ఉన్నాయని ఆయనే రెండు పంపాడు. వాటితో మారిస్తే డాలరు గుర్తులు పోయి, విరిగిన ఒత్తులూ తెగిన కొమ్ములూ వచ్చాయి. నాన్న చూపు కొవ్వొత్తిలా కరిగిపోతుంటే, ఈ పోపుల డబ్బా నెల రోజుల పనిని మింగి కూర్చుంది. దాన్ని అనని మాట లేదు. నాన్న కుర్చీలోంచి, "ఏటయ్యిందే?" అన్నాడు.

"నీ పుస్తకం పోయింది నానా. ఇది సదవదట."

"మొత్తం పోయిందా?"

"మొత్తం."

గుండె ఆగుతుందేమో అని ఆయన మొహంలోకి చూశాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పోతే పోనీలే" అన్నాడు. "మొదట్నుంచీ కొడదాం. నాను సెప్తాను, నువ్వు రాయి." ఆ గొంతులో హుషారు నాకు నచ్చలేదు. పైగా టీ తెప్పించమన్నాడు, చక్కెర వేసి. పెద్దతనం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మొదలుపెట్టాం. నోటుబుక్కులో తన రాత తనకే కనపడడం లేదు. కానీ చాలా మాటలు ఆయనకి నోటికి వచ్చు. మర్చిపోయిన చోట నేను నోటుబుక్కు చూసి చెప్పేదాన్ని.

"ఏటి," అన్నాడు నాన్న. "ఏటి అంటే ఏమిటి. రాసేవా?"

"ఉండు నానా, 'ట' ఎక్కడుందో ఎతకతన్నాను."

వేలు గాల్లో తిప్పుతూ ఆ ఒక్క మాట రాయడానికి నిమిషం పట్టింది. 'ఏ' వెతకాలి, 'ట' వెతకాలి, గుడి వెతకాలి. వెతికే అంతసేపూ ఆ మాటని నోట్లో పెట్టుకుని ఉండాలి, లేకపోతే మర్చిపోతాను. ఏటి, ఏటి, ఏటి అని గొణుక్కుంటూ కొట్టాను. హాస్టలు వదిలాక షాపులో కూర్చుని ఆ మాట అన్నది అదే మొదటిసారి. కొట్టి చూస్తే దాని కింద వంకరటింకర ఎర్రగీత వచ్చింది.

తర్వాత "సేప". దాని కిందా ఎర్రగీత. "సూడు", ఎర్రగీత. "బేగి", ఎర్రగీత. నాన్న చెప్పిన ప్రతి మాట కిందా ఆ డబ్బా గీత గీసుకుంటూ పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అరచేతి మందం లేనిది, నిన్న మొన్న బావ సంచిలో అరటిపళ్ళ కింద వచ్చినది, ఎనభై ఏళ్ళ మాష్టారికి అక్షరాలు దిద్దుతుందా? వెంటనే బావకి ఫోను చేశాను.

"నీ డబ్బా మా నానకి తప్పులు దిద్దతన్నాది!"

"దాంట్లో మాటల పట్టీ ఒకటి ఉంటాది మరదలా. పట్టీలో నేని మాట కనబడితే గీత పెడతాది. వొద్దంటే సెప్పు, తీసెయ్యడం సిటికెలో పని."

"తీసీ!"

నాన్న చెయ్యెత్తి ఆపాడు. "ఉండవే. ఏ మాటకి గీత పెట్టింది?"

"సేపకి."

"చేప అని కొట్టి సూడు."

కొట్టాను. గీత లేదు. ఆ మాట చెప్పగానే నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన అంతలా నవ్వి చాలా రోజులైంది. "ఓలమ్మో, ఇనస్పెట్రు వచ్చేడే!" అన్నాడు. "గీత తీయించకు. ఉండనీ." నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఎర్రగీతలు మా నాన్న జీవితమంతా తప్పు అన్నట్టు ఉన్నాయి, నేను పళ్ళు నూరుకుంటూ కొట్టాను.

రోజుకి రెండు పేజీలు. పన్నెండేళ్ళ కిందట గంటలో అయ్యే పని. మూడు వారాలకి సగం నోటుబుక్కు దాటాక, చెదలు తిన్న చోటికి వచ్చాం. ఎనిమిది పేజీలు జల్లెడలా ఉన్నాయి. వాటిలో ఏం రాసిందీ నాన్నకి సగం గుర్తు రాలేదు. గుర్తు రానందుకు కుర్చీ చేతి మీద వేళ్ళతో కొట్టుకున్నాడు. నాకు ఒక ఉపాయం తోచింది.

"ట్రంకుపెట్టెలో పాత ప్రింటు ఉన్నాది గదా నానా. అందులో సూసి రాసేద్దాం."

"అది వొద్దు."

"ఎందుకొద్దు? అందులో అన్నీ ఉన్నాయి గదా."

"వొద్దన్నానా. పోయినవి పోనీ." బళ్ళో పిల్లల్ని గదమాయించే గొంతుతో అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన నడుం వాల్చాక, పెట్టె తెరిచాను.

ప్రింటు అడుగున ఉంది, అమ్మ చీర మడతలో. మొదటి పేజీ తీశాను. నా పాత ఫాంటు, ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి వరస చదివాను. బహుశా నేను కొట్టినదాన్ని నేను చదవడం అదే మొదటిసారి.

"ఏమిటి: ఏమిటి."

దాని కింద, "చేప: చేప." దాని కింద, "చూడు: చూడు." ఆ తర్వాత, "త్వరగా: త్వరగా."

పేజీలు తిప్పాను. పేజీ తర్వాత పేజీ అంతే. నాన్న "ఏటి సేస్తన్నావే గుంటా" అని చదివిన చోట "ఏమి చేస్తున్నావు అమ్మాయీ" అని ఉంది. "సందువ" అన్న చేప పేరు చెప్పిన చోట "చందువ" ఉంది. చెవిలో నాన్న మాట పడింది, వేళ్ళు అర్జీ రాశాయి. ముప్పై ఏళ్ళు ఒక మనిషి ఏరుకున్న మాటలన్నిటినీ నెల రోజుల్లో, ఫోను మాట్లాడుతూ, ఒక్కటి కూడా మిగల్చకుండా తుడిచిపెట్టాను.

నాన్న అప్పట్లోనే ఆ ప్రింటుని ఎర్ర పెన్సిలుతో దిద్దడం మొదలుపెట్టాడు. మొదటి పేజీలో "ఏమిటి" కింద గీత, "చేప" కింద గీత, "చూడు" కింద గీత. ప్రతి మాటకీ గీత ఉంది, పక్కన చిన్న అక్షరాలతో అసలు మాట ఉంది. రెండో పేజీలోనూ అంతే. ఆరో పేజీకి వచ్చేసరికి పక్కన మాటలు లేవు, ఉత్త గీతలే. తొమ్మిదో పేజీ సగంలో గీతలు కూడా ఆగిపోయాయి. అక్కడి నుంచి చివరిదాకా ఆయన ఏమీ దిద్దలేదు.

నీ సేత తప్పు రాదు గదే అమ్మీ. ఆ మాటని పన్నెండేళ్ళు పతకంలా తగిలించుకు తిరిగాను. తప్పుల నోటుబుక్కు నా చేతికిచ్చిన మనిషి, అందులో ఒక్క తప్పూ మిగల్లేదని చెప్పాడు. మూడు వారాలుగా ఎర్రగీత పెడుతోందని ఆ డబ్బాని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. అదైనా మాట కింద గీత పెట్టి ఊరుకుంది, మాటని మార్చలేదు. నా అంతటి నీచపు యంత్రం ఏ కొట్లోనూ దొరకదు.

నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కాగితాల చప్పుడు విన్నట్టున్నాడు.

"తీసేవా?" అన్నాడు.

"తీసేను. అప్పుడే సెప్పొచ్చు గదా నానా. నాలుగు తన్ని సెప్పొచ్చు గదా."

"ఏటని సెప్పను? ఎంత సక్కగా కొట్టేవు. ఒక్క అచ్చుతప్పు నేదు. నువ్వు ఒకటో తరగతి నా బళ్ళోనే గదే. పలక మీద సేప అని రాసి తెచ్చి సూపించేవు. నీకూ గీత కొట్టేను. ఏడిసేవు. మళ్ళీ రాయించేను. ఆ నేర్పించింది నానే. నీ మీద కోపం ఎలాగొస్తాదే?"

ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆ పలక నాకు గుర్తు లేదు. ఆయనకి గుర్తుంది.

సాయంత్రం షాపు తీశాను. డబ్బా వెలిగింది, ఎప్పటిలాగే చప్పుడు చేయకుండా. దానికి ఇందులో ఏ పుణ్యమూ లేదు. దానికి చేతకాక పాత ఫైలు తెరవలేదు, చేతకాక నా వేళ్ళ వేగం చంపింది, తెలియక గీతలు పెట్టింది. ఇప్పటికీ ప్రింటుకి ముందు ఒక ఖాళీ కాగితం కక్కుతూనే ఉంది. నేనూ దాన్ని తిడుతూనే ఉన్నాను. కానీ బావ వచ్చి, వేగంగా కొట్టే పాత వరస దీనికి ఎక్కించే మార్గం దొరికిందని చెబితే, వద్దన్నాను.

చెదలు తిన్న పేజీల మాటలు ఆ ప్రింటులోంచి దొరకలేదు. అందులో ఉన్నవి నా మాటలు. అయిదో పేజీ దాకా పెన్సిలుతో పక్కన రాసినవి మేం ఇప్పటికే కొట్టేసిన మాటలు. చెదలు తిన్నవి నాన్న తలలోంచి ఒక్కొక్కటిగా వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. చూపు ఇప్పుడు ఇంకా తగ్గింది. తెర ఎటువైపు ఉందో వెలుగుని బట్టి చెబుతాడు గానీ, దాని మీద ఏముందో తెలియదు. అచ్చు పుస్తకం చేతికి వచ్చేసరికి ఆయన చూడలేడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకని ప్రతి మాటా అప్పటికప్పుడే అడిగి తెలుసుకుంటాడు. కుర్చీ నా పక్కకి జరుపుకుని, ఒక మాట చెప్పి, నేను అక్షరాలు వెతికి వెతికి కొట్టే దాకా ఓపిగ్గా ఆగుతాడు.

"గీత పడిందేటి?"

"పడింది నానా."

"ఐతే రైటే. తర్వాత మాట రాయి."